పెత్తనం లేని పుట్ట

సోమవారం, ఉదయం

కొత్త డైరీ. కొత్త పెన్ను. కొత్త నేను!

తీర్మానం: ఈ రెండు వారాలు ఎవరి మీదా పెత్తనం చెయ్యను. ఆఫీసులో చెయ్యను, ఇంట్లో చెయ్యను, లిఫ్టులో మీట నొక్కడం రాని వాళ్ళ మీద కూడా చెయ్యను. "అలా కాదు, ఇలా" అనను. ఒకరి చేతిలో వస్తువు లాక్కుని నేనే చేసి చూపించను.

దీనికంతటికీ కారణం చీమలు.

మా కంపెనీ ఆసుపత్రులకి సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఒక పెద్ద ఆసుపత్రిలో వీల్‌చెయిర్లు, స్ట్రెచర్లు ఏ వార్డుకి ఎప్పుడు వెళ్ళాలో చెప్పే ప్రోగ్రాం మాదే. రాసింది నేనే. ప్రతి వార్డూ దాన్ని అడగాలి, అది ఆలోచించి చెప్పాలి. అది ఆలోచించినంత సేపూ మోకాళ్ళ నొప్పుల వాళ్ళు నిలబడాలి. చివరికి వార్డుల వాళ్ళు విసిగిపోయి, దొరికిన వీల్‌చెయిర్లని దొరికినట్టు మంచం కోళ్ళకి గొలుసులేసి కట్టేసుకున్నారు. నా ప్రోగ్రాం మాత్రం చివరిదాకా ఆలోచిస్తూనే ఉంది.

ఇప్పుడు దాని స్థానంలో చీమలు వస్తున్నాయి. రాసింది మా టీంలో అమ్మాయి. రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప, అందుకే అందరం మౌని అంటాం. ఆమె ఒక్కో వీల్‌చెయిర్‌కీ ఒక బుల్లి ప్రోగ్రాం తగిలించింది. అదే చీమ. అది ఎటు చూపిస్తే కుర్చీ తోసే మనిషి అటు తోస్తాడు. వాటి పైన అధికారి లేడు. పని దొరికిన చోట చీమ కాస్త 'వాసన' వదులుతుంది, అంటే ఒక అంకె. మిగతా చీమలు వాసన గాఢంగా ఉన్న వైపు నడుస్తాయి. పని లేకపోతే వాసన దానంతటదే ఆవిరైపోతుంది. ఎవరూ ఎవరికీ చెప్పరు. ఉన్నవాటినే అందరూ పంచుకుంటారు.

"మరి రాణి చీమ ఆజ్ఞలివ్వాలి కదా?" అని మీటింగులో అడిగాను.

"ఇవ్వదు సార్. గుడ్లు పెడుతుంది" అంది మౌని. ఆ రోజుకి ఆమె కోటా అయిపోయింది.

మా యజమాని, అందరూ పెద్దాయన అంటారు, గొంతు సవరించుకున్నాడు. "ఆసుపత్రిలో రెండు వారాల పరీక్ష. ఎవరూ మధ్యలో వేలు పెట్టకూడదు. ముఖ్యంగా..." అని ఆగి నా వైపు చూశాడు. అందరూ నా వైపే చూశారు. నేనూ వెనక్కి తిరిగి చూశాను. వెనక గోడ ఉంది.

సరే. చూపిస్తాను.

సోమవారం, సాయంత్రం

ఇంట్లో ప్రకటించాను. "రాణి చీమే ఆజ్ఞలివ్వనప్పుడు నేనెంత!" అన్నాను.

"రాణి చీమ గుడ్లైనా పెడుతుంది" అంది మా ఆవిడ, కూరగాయలు తరుగుతూ.

మా అత్తగారు మా దగ్గరే ఉంటారు. హాల్లో కిటికీ పక్క కుర్చీ ఆవిడది. "ఇన్నాళ్ళూ మీ ఆజ్ఞ లేనిదే ఈ ఇంట్లో చీమైనా కుట్టేది కాదు. ఇప్పుడు చీమలు చెప్తే మీరు వింటున్నారన్నమాట. రోజులు మారిపోయాయి అల్లుడుగారూ" అన్నారు.

మా అమ్మాయి మాత్రం ఫోను పక్కన పెట్టి నా వంక చూసింది. దాని స్కూలు చదువు అయిపోయింది. ఇక ఏం చదవాలో తేలాలి. ఆ సంగతి ఎత్తితే చాలు, గదిలోకెళ్ళి తలుపేసుకుంటోంది. నేనేమన్నానని? కంప్యూటర్ కోర్సు మంచిదన్నాను. అంతే. రోజూ అన్నాను, అది వేరే సంగతి.

"నిజంగా రెండు వారాలు ఏమీ అనవా నాన్నా?"

"అనను."

"అయితే నేనూ మాటిస్తా. ఈ రెండు వారాల్లో తేల్చుకుంటా. తేల్చుకున్నాక ముందు నీకే చెప్తా. అమ్మకన్నా ముందు."

ఈ పిల్ల నాకు ఏదైనా ముందు చెప్పి ఎన్నేళ్ళయిందో! చిన్నప్పుడు ఈత ఇష్టమంది. మర్నాటికల్లా టైంటేబుల్ గీశాను, టోపీ కొన్నాను, కోచ్‌ని మాట్లాడాను, ఆ కోచ్‌కి ఈత ఎలా నేర్పాలో కూడా నేర్పాను. నెల తిరక్కుండా దానికి నీళ్ళంటేనే విసుగొచ్చింది. అప్పట్నించీ తనకి ఏది ఇష్టమో నాకు చెప్పడం మానేసింది.

ఈసారి వినాలి. నోరు కుట్టేసుకునైనా సరే, వినాలి.

సోమవారం, భోజనాలయ్యాక

చీమల పద్ధతి ఇంట్లో కూడా పెట్టాను. (ఇది పెత్తనం కాదు. వ్యవస్థ.)

బట్టల క్లిప్పులు. మా ఆవిడకి తెల్లవి, అత్తగారికి ఎర్రవి, అమ్మాయికి నీలంవి, నాకు ఆకుపచ్చవి. బాత్రూం, వాషింగ్ మెషీన్, కారు తాళం, టీవీ రిమోట్, బాల్కనీ... ఏది కావాలంటే దానికి మన క్లిప్పు తగిలించాలి. అంటే "ఇది ఇప్పుడు నాకు కావాలి" అని అర్థం. గంట దాటితే వాసన ఆవిరైపోయినట్టే, ఎవరైనా తీసేయొచ్చు. అరుపులుండవు. వంతులుండవు. నేనుండను!

మంగళవారం

అద్భుతం! ఏడున్నరకి బాత్రూం దగ్గర ఒక్కరూ లేరు. తెల్ల క్లిప్పు, తర్వాత నీలం, తర్వాత నాది. తలుపు మీద ఎవరూ బాదలేదు. ఇన్నేళ్ళుగా నేను కేకలేసి చెప్పిన క్రమం ఇదే. కేకలు లేకుండా కూడా వస్తుందని ఎవరూ నాకు చెప్పలేదు.

ఆఫీసులో కూడా శుభమే. తెర మీద చీమలు చుక్కల్లా కదులుతున్నాయి. పెద్ద నర్సమ్మ, అంటే ఆసుపత్రిలో నర్సులందరికీ పైన ఆవిడ, ఫోను చేసి మంచాలకి కట్టిన గొలుసులు విప్పేశారని చెప్పింది.

నేను ఏమీ చెయ్యలేదు. ఏమీ చెయ్యకపోవడం ఇంత కష్టమని తెలీదు. మధ్యాహ్నానికే భుజాలు పట్టేశాయి.

బుధవారం

చిన్న ఇబ్బంది. అత్తగారు పొద్దున్న టిఫిను దగ్గరే రిమోట్‌కి ఎర్ర క్లిప్పు పెట్టారు. గంటయ్యాక తీశాను. మళ్ళీ పెట్టారు. మళ్ళీ తీశాను. మళ్ళీ.

"గంటకొకసారి ఆవిరవ్వాలన్నారు. అవుతోంది. గంటకొకసారి తగిలించకూడదని అనలేదు కదా" అన్నారు. న్యాయవాది కావలసిన మనిషి, కిటికీ పక్కన వృథా అయిపోతోంది.

నిబంధనకి సవరణ రాసి ఫ్రిజ్ మీద అంటించాను. ఇది సలహా కాదు. సవరణ.

సాయంత్రానికి సవరణ మీద ఎర్ర క్లిప్పు ఉంది.

గురువారం

అమ్మాయి ఏదో ఆలోచిస్తోంది. ఫోనులో ఏవో చూస్తోంది, నేను వస్తే తిప్పేస్తోంది. నేను అడగలేదు. నోరు తెరిచాను, ఆవలించాను, మూసేశాను.

అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. చీమ మాట్లాడదు, నిజమే. కానీ వదులుతుంది కదా! దారిలో వాసన వదిలి తన మానాన తను పోతుంది. ఇష్టమున్న చీమ వస్తుంది, లేని చీమ పోతుంది. ఇందులో బలవంతం ఎక్కడుంది?

కాబట్టి ఒక కంప్యూటర్ కాలేజీ కరపత్రం, ఆకుపచ్చ క్లిప్పుతో, అమ్మాయి అద్దం దగ్గర వదిలాను. ఒకటి ఫ్రిజ్ తలుపుకి. ఒకటి షాంపూ సీసాకి.

ఒక్క మాట కూడా అనలేదు. తీర్మానం చెక్కుచెదరలేదు.

శుక్రవారం

ఆఫీసు. తెర మీద ఎక్స్‌రే గది ముందు రద్దీ పెరుగుతోంది. చీమలు మాత్రం నింపాదిగా వస్తున్నాయి. ఒకటి వచ్చింది. ఒకటి దారిలో ఆగింది. నాకు అరికాళ్ళు దురదపెట్టాయి.

తయారుచేసే రోజుల్లో పరీక్షల కోసం ఒక మీట పెట్టుకున్నాం. మనిషి తనంతట తను ఒక చోట వాసన చల్లొచ్చు. నేను దాన్ని అత్తరు సీసా అనేవాణ్ణి. తీసేయమన్నారు. తీసేయడం నా పనుల్లో ఉంది. ఇంకా ఉంది.

ఒక్క చుక్క చల్లాను. ఒక్కటే!

భలే కదిలాయి! ఆసుపత్రిలో ఉన్న చీమలన్నీ ఎక్స్‌రే గదికి బయల్దేరాయి. ఒకటిన్నర నిమిషం నేను దేవుణ్ణి.

తర్వాత పెద్ద నర్సమ్మ ఫోను. "ఎక్స్‌రే గది ముందు వీల్‌చెయిర్లతో నడవడానికి దారి లేదు. అక్కడున్నది నలుగురు మనుషులు, వాళ్ళకి తోడొచ్చిన బంధుబలగం ఇరవైమంది. గేటు దగ్గర మాత్రం ఒక ముసలాయన ఒంటికాలి మీద నిలబడి నన్ను తిడుతున్నాడు. ఏమిటండీ ఇది?"

"చీమలు ఇంకా నేర్చుకుంటున్నాయండీ" అన్నాను.

పక్క బల్ల దగ్గర మౌని తలెత్తి నా వంక చూసింది. ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడంలో చాలా రకాలున్నాయి. ఇది కొత్త రకం.

శనివారం

సెలవు. ఇంట్లో ఉన్నాను. ఇదివరకు తెలీదు, ఈ ఇంట్లో ఎవరికీ ఏ పనీ చెయ్యడం రాదు.

గమనించినవి (గమనించడం పెత్తనం కాదు):

బాత్రూం నేల మీద తెల్లటి పొడి. పౌడరు అలా ఒలకబోసుకుంటే ఎలా?

బకెట్ ఎప్పుడూ చోట్లో ఉండదు.

బాల్కనీ తలుపుకి పొద్దుటి నించీ ఎర్ర క్లిప్పు. అత్తగారు అక్కడ కూర్చుని ఏం చేస్తున్నారో! కిటికీ చాలలేదు, ఇప్పుడు బాల్కనీ కూడా కావాలి. చోటిస్తే మంచమంతా నాదే అన్నట్టుంది.

అడగలేదు. కానీ క్లిప్పు పెట్టి ఎంతసేపయిందో రెండు మూడుసార్లు గట్టిగా పైకే లెక్కపెట్టాను. లోపల్నించి ఎవరో నవ్వారు.

ఆదివారం

కరపత్రాలు మాయం. చెత్తబుట్టలో లేవు, అది మంచి సూచన. అమ్మాయి చదువుతోందన్నమాట!

వాసన మరికాస్త పెంచాను. దాని దిండు కింద ఒకటి. దువ్వెనకి ఒకటి. బూటులో ఒకటి, మడిచి.

సాయంత్రం నడకకి వెళ్తూ బూటు తొడుక్కుంది. తీసింది. కాగితం చూసింది. నేను పేపరు చదువుతున్నాను. పేపరు తలకిందులుగా ఉందని తర్వాత తెలిసింది.

కాగితాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. నా వైపు చూడలేదు. కోపంగా ఉన్నా బాగుండేది. అలసిపోయినట్టుంది.

అనుమానం: నేనేమైనా తప్పు చేశానా?

జవాబు: నేను ఒక్క మాట కూడా అనలేదు.

సోమవారం

రెండో వారం. అత్తరు సీసా ముట్టనని ఒట్టు.

పదకొండుకి ముట్టాను. అత్యవసరం. ప్రసూతి వార్డు దగ్గర ఒక్క చీమ కూడా లేదు.

మధ్యాహ్నం మళ్ళీ. అది అత్యవసరం కాదు, కానీ పొద్దుటి దాన్ని సరిచెయ్యాలి కదా. సరిచేసినదాన్ని సరిచెయ్యడానికి సాయంత్రం ఇంకోసారి. ఇవి మూడూ కలిపి ఒక్కటే.

మంగళవారం

విచిత్రం. చుక్క చల్లితే చీమలు కదలడం లేదు. రెండు చుక్కలు చల్లాను. ఒక చీమ కాస్త తిరిగి, ఆగి, తన దారిన తను పోయింది. సీసా అంతా ఒంపేశాను. వాటికి చీమ కుట్టినట్టైనా లేదు.

ప్రోగ్రాంలో తప్పుంది. కచ్చితంగా మౌని తప్పే. చెప్పాలి. కానీ చెప్తే, నాకెలా తెలిసిందని అడుగుతుంది.

బుధవారం

ఆఫీసుకి బస్సులో వెళ్ళాను. ఎందుకంటే కారు తాళానికి నా క్లిప్పు పెట్టి స్నానానికి వెళ్ళొచ్చేసరికి కారు లేదు. మా ఆవిడ తీసుకెళ్ళిపోయింది.

సాయంత్రం నిలదీశాను. "నా క్లిప్పు కనబడలేదా?"

"కనబడింది. పచ్చది కదా, మీరు మళ్ళీ ఏదో కాగితం అంటించారనుకున్నా. తీసి పక్కన పెట్టా."

"అందరి క్లిప్పులూ చెల్లుతాయి, నాది చెల్లదా?"

"ఎర్రది కనిపిస్తే అమ్మకి అది కావాలని. నీలంది కనిపిస్తే అమ్మాయికి కావాలని. పచ్చది కనిపిస్తే..." ఆవిడ కాసేపు వెతుక్కుంది. "మేం ఏదో చెయ్యాలని మీకు కావాలని."

ఆవిడ ఉద్యోగం బట్టల దుకాణంలో లెక్కలు చూడటం. చీమల గురించి ఏమీ తెలీదు.

గురువారం

ఉండబట్టలేక మౌనిని అడిగాను. ఊరికే, తెలుసుకుందామని, మామూలుగా: "ఒకవేళ, మాటవరసకి, ఎవరైనా మనిషి తప్పుడు వాసన చల్లితే ఏమవుతుంది?"

ఆమె నన్ను కాసేపు చూసి, ఈ ఏడాదిలోకెల్లా పొడుగైన ప్రసంగం చేసింది. "వాసన ఎవరు వదిలారో కూడా చీమలు చూస్తాయి సార్. వెళ్ళి చూస్తే అక్కడ నిజంగా పనుంటే ఆ పేరు మీద నమ్మకం పెరుగుతుంది. లేకపోతే తగ్గుతుంది. బాగా తగ్గిపోతే ఇక ఆ వాసన వాటికి తగలదు. చుట్టూ తిరిగి వెళ్ళిపోతాయి."

తన తెర నా వైపు తిప్పింది. ఒక వరుస. అందులో నా పేరు. దాని ఎదురుగా నమ్మకం: సున్నా.

చెవులు కాలాయి. "ఎప్పట్నించి తెలుసు?"

"శుక్రవారం నించి."

"మరి పెద్దాయనకి చెప్పలేదే?"

"చీమలే చూసుకుంటాయి కదా అని" అంది మౌని.

శుక్రవారం

పరీక్ష పూర్తయింది. ఆసుపత్రిలోనే మీటింగ్. చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోయింది.

పెద్దాయన లేచి ప్రకటించాడు: "ఈ పరీక్షలో అనుకోని మేలు ఒకటి జరిగింది. ఎవడో దుర్మార్గుడు లోపల దూరి పదే పదే తప్పుడు వాసనలు చల్లాడు. మొదట్లో చీమలు తడబడ్డాయి. తర్వాత వాణ్ణి పసిగట్టి, లెక్కలోంచి తీసేసి, వాడు లేనట్టే పని చేసుకుపోయాయి!"

చప్పట్లు. నేనూ కొట్టాను. కొట్టకపోతే అనుమానం వస్తుంది.

ఆసుపత్రి తరఫున పెద్ద నర్సమ్మ కాంట్రాక్టు మాకే ఇచ్చేసింది. "ఆ దుర్మార్గుడు ఎవరో గానీ, వాడివల్ల మా ముసలాయన తిట్టిన తిట్లు మాత్రం నేను మర్చిపోను" అంది. ముసలాయన తిట్లలో రెండు చెప్పింది కూడా. బాగా తిట్టాడు.

బయటికొచ్చాక మౌని అంది: "అభినందనలు సార్. మీవల్లే."

"మౌనీ, ఆ సున్నా... మళ్ళీ పెరుగుతుందా?"

"పెరుగుతుంది. ఏమీ చల్లకుండా ఉండి, చల్లినప్పుడు నిజం చల్లితే." కాస్త ఆలోచించి, "నెమ్మదిగా" అంది.

శనివారం, మధ్యాహ్నం

రాయాలని లేదు. అయినా రాస్తాను.

గడువు రేపటితో అయిపోతుంది. అమ్మాయి ఇంకా ఏమీ చెప్పలేదు. ఇవాళ పొద్దుటి నించీ బాల్కనీకి ఎర్ర క్లిప్పు. గంటయింది. రెండు గంటలయింది. బకెట్ లేదు. బాత్రూంలో మళ్ళీ తెల్ల పొడి. నిబంధన ప్రకారం క్లిప్పు ఆవిరైపోయింది. నిబంధన ప్రకారమే తీసేశాను. తలుపు ఒక్క తోపు తోసి, "ఈ ఇంట్లో ఒక పద్ధతంటూ ఉందా లేదా!" అన్నాను.

లోపల అత్తగారు స్టూలు మీద కాలు చాపుకుని కూర్చున్నారు. కాలికి మోకాలిదాకా తడి ప్లాస్టర్ పట్టీలు. మా ఆవిడ ఆ కాలిని కదలకుండా పట్టుకుని ఉంది. అమ్మాయి కింద కూర్చుని, మోచేతులదాకా తెల్లగా, ఆఖరి పట్టీ చుడుతోంది.

నా కేకకి అత్తగారు ఉలిక్కిపడి కాలు లాక్కున్నారు. మెత్తటి అచ్చు మడమ దగ్గర నలిగి, చీలిపోయింది.

అమ్మాయి ఆ చీలికని వేలితో తడిమింది.

"ఏమిటిది?" అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

తలెత్తకుండానే చెప్పింది. కాళ్ళు, చేతులు పోయినవాళ్ళకి కొత్తవి తయారుచేసే కోర్సు ఒకటుందట. వేరే ఊళ్ళో, హాస్టల్లో ఉండి చదవాలట. సోమవారం ఇంటర్వ్యూ. స్వయంగా తీసిన కాలి అచ్చు ఒకటి పట్టుకెళ్ళాలి. వారమంతా అమ్మమ్మ కాలి మీద నేర్చుకుంటోంది. ఇవాళ్టిదే బాగా కుదిరింది.

వారమంతా! ఒకరు కాలు అరువిచ్చారు, ఒకరు దుకాణంలో పని మధ్యలో వచ్చి పట్టుకున్నారు, బకెట్, బాల్కనీ, బాత్రూం ఒకరి తర్వాత ఒకరు సర్దుకున్నారు. ఎవరూ ఎవరికీ ఆజ్ఞ ఇవ్వలేదు. నేను పెట్టిన క్లిప్పులతో, నేను చెప్పినట్టే, నా చుట్టూ తిరిగి వెళ్ళిపోయారు.

"ముందు నాకే చెప్తానన్నావు" అన్నాను.

అప్పుడు తలెత్తింది. కళ్ళ నిండా నీళ్ళు. "చెప్దామనే అనుకున్నా నాన్నా. ఆ గురువారమే చెప్దామనుకున్నా. అద్దం దగ్గరికెళ్తే కాగితం. ఫ్రిజ్ తెరిస్తే కాగితం. బూటులో కూడా. నువ్వు ముందే చెప్పేశావుగా. ఇంక నేను చెప్పేదేముంది?"

మా అత్తగారికి నన్ను దెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. ఆవిడ ఏమీ అనలేదు. కాలి మీద ప్లాస్టర్ ఒలుచుకుంటూ కూర్చున్నారు. అది నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలింది.

శనివారం, సాయంత్రం

ఇల్లంతా తిరిగి మిగిలిన ఆకుపచ్చ క్లిప్పులన్నీ ఏరాను. ఎక్కడెక్కడ పెట్టానో నాకే సిగ్గేసింది. పంచదార డబ్బాకి కూడా పెట్టాను.

కరపత్రాలు దొరికాయి. ప్లాస్టర్ కలపడానికి బాల్కనీ నేల మీద పరిచారు. కనీసం ఒకందుకు పనికొచ్చాయి.

"నాన్న తప్పు చేశాడమ్మా" అని తలుపు బయట నిలబడి చెప్పాను. ఇంకేమీ చేర్చలేదు. చేరుద్దామని చాలా ఉంది. కొత్త అచ్చు ఎలా తియ్యాలో నా దగ్గర ఒక ప్లాను కూడా ఉంది. మింగేశాను. మందు మాత్ర నీళ్ళు లేకుండా మింగినట్టుంది.



ఆదివారం, ఉదయం

హాల్లో కూర్చుని ఏ వస్తువునీ సరిచెయ్యకుండా ఉన్నాను. తివాచీ అంచు మడతపడి ఉంది. ఉండనీ.

అత్తగారికి మోకాలు పట్టేసింది, ఇక కాలు ఇవ్వలేరు. మా ఆవిడకి అరికాలు ముట్టుకుంటే కితకితలు, ఇల్లెగిరిపోయేలా నవ్వుతుంది. అమ్మాయి తన కాలి అచ్చు తనే తీసుకోవడం కుదరదు. ఇదంతా వంటింట్లో గుసగుసగా నడిచింది. నాకు వినబడింది. నేను నోరెత్తలేదు. రెండు కాళ్ళూ మాత్రం కాస్త ముందుకి చాపుకుని కూర్చున్నాను. (ఇది వాసన చల్లడం కిందికి వస్తుందా? వస్తే, ఇది నిజమైన వాసన.)

అమ్మాయి వచ్చింది. నా ముందు నిలబడింది. నా కాళ్ళ వంక చూసింది. బయటికెళ్ళిపోయింది.

తిరిగొచ్చింది. వంగి, నా కుడికాలి బొటనవేలికి నీలం క్లిప్పు తగిలించింది.

నొప్పి! ఇంత హాయైన నొప్పి నాకెప్పుడూ తెలీదు.

ఆదివారం, కాసేపటికి

బాల్కనీ. నా కాలు స్టూలు మీద ఉంది. చేతులు ఖాళీ కాబట్టి రాస్తున్నాను. తలుపుకి ఎర్ర క్లిప్పు ఒకటి, తెల్లది ఒకటి ఉన్నాయి. లోపలికి ఎవరూ రాకుండా కాపలా.

షరతులు అమ్మాయి చెప్పింది. కదలకూడదు. మాట్లాడితే కాలు కదులుతుంది కాబట్టి మాట్లాడకూడదు. ప్లాస్టర్ గట్టిపడేదాకా అంతే.

పట్టీ తడిపి, పిండి, చుడుతోంది. చక్కగా చుడుతోంది. రెండోదానికి చీలమండ దగ్గర చిన్న ముడత వచ్చింది. నాకు తెలిసి ఆ ముడత...

"నాన్నా, ఏదో చెప్పబోతున్నావు."

తల అడ్డంగా ఊపాను.

"బొటనవేలు కదిలింది."

బొటనవేలిని ఆపాను. ముడత మీద తడి వేలితో తనే రాసింది. అది పోయింది. తనకి తెలుసు. నాకన్నా ముందే చూసింది.

చేతులు పని చేస్తూనే ఉన్నాయి. కాసేపటికి, కిందికి చూస్తూనే, బాగా చిన్న గొంతుతో అంది: "ఇది అమ్మకి కూడా చెప్పలేదు. రేపంటే నాకు చాలా భయంగా ఉంది నాన్నా."

అమ్మకి కూడా చెప్పలేదు!

భయానికి నా దగ్గర సలహాలు వరసగా ఉన్నాయి. ఊపిరి ఎలా తీసుకోవాలి, ఏ చొక్కా వేసుకోవాలి, తలుపు ఎలా తెరవాలి, వాళ్ళు ఏం అడుగుతారు, తను ఏం చెప్పాలి. అన్నీ నాలుక చివర్లో నిలబడి తోసుకుంటున్నాయి. నేను విన్నాను. అంతే. పెన్ను పట్టుకోని చేత్తో దాని తల మీద ఉన్న ప్లాస్టర్ పొడి దులిపాను.

కాలు కదల్లేదు.

ఆదివారం, ప్లాస్టర్ ఇంకా ఆరలేదు

మళ్ళీ మొదలు. మొదటి రోజు.

తీర్మానం: ఎవరి మీదా పెత్తనం చెయ్యను. సలహా ఇవ్వను. వదలను, చల్లను, అంటించను. ఈ అచ్చు గట్టిపడేదాకా ఇది నూటికి నూరుపాళ్ళూ పాటించగలనని నా నమ్మకం.

ఒక్క మినహాయింపు. రేపు ఇంటర్వ్యూకి నన్నే తీసుకెళ్ళమంది. కారు తాళానికి నీలం క్లిప్పు ఇప్పుడే పెట్టేసింది. పొద్దున్నే రద్దీ ఉంటుంది కాబట్టి ఒక అరగంట ముందు బయల్దేరితే మంచిది. ఇది సలహా కాదు. దారి గురించి...

"నాన్నా. బొటనవేలు."